లూసిడ్ : వెలుగు నుంచి తెలివి దాకా

ఒక ఉపన్యాసం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లు సాగితే ఇంగ్లీషు తెలిసినవారు దానిని ‘లూసిడ్’ అని మెచ్చుకుంటారు. విశదం, స్పష్టం, తేటతెల్లం అన్న మన మాటలకు అది సాటివచ్చే మాట. పత్రికలలో, పుస్తక సమీక్షలలో అది మీకు తరచు కనిపిస్తుంది. అయితే ఆసుపత్రిలో జీవితం గడిపినవారికి ఆ మాట వినగానే మెప్పు స్ఫురించదు. మా పుస్తకాలలో దాని పక్కన ఎప్పుడూ మరొక మాట ఉంటుంది. ‘లూసిడ్ ఇంటర్వల్’ అంటారు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషి లేచి కూర్చుని, మాట్లాడి, మంచినీళ్ళు అడిగి తాగి, కొన్ని గంటల తరువాత మళ్ళీ లేవకుండా పడిపోయే ముందు గడిచే కాలానికి అది పేరు. ఇంత అందమైన మాట అంత అపాయకరమైన వేళకు పేరెలా అయిందో చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

లాటిన్‌లో ‘లూకేరే’ అంటే ప్రకాశించడం. ‘లూసిడుస్’ అంటే ప్రకాశించేది. ఇంగ్లీషులోకి ఈ మాట 16వ శతాబ్ది చివరలో వచ్చినప్పుడు దాని అర్థం కూడా అదే, మెరిసేది అని. సులభంగా బోధపడేది అన్న నేటి అర్థం 18వ శతాబ్దిలో గాని స్థిరపడలేదు. దీని బంధువర్గం చాలా పెద్దది. కాంతిని కొలిచే లక్స్, ల్యూమెన్ అనే ప్రమాణాలు ఈ కుటుంబానివే. రక్తనాళం లోపలి ఖాళీని కూడా మేము ల్యూమెన్ అంటాము. గొట్టాన్ని కంటికెదురుగా పెట్టి చూస్తే అవతలి వెలుగు కనిపించే దారి అది. వేకువచుక్కకు రోమనులు పెట్టిన పేరు లూసిఫర్, అంటే వెలుగును మోసుకొచ్చేవాడు. ఆ పేరు దయ్యానికి అంటుకోవడం తరువాతి కథ. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే పదార్థానికి శాస్త్రజ్ఞులు లూసిఫెరిన్ అని పేరు పెట్టినప్పుడు ఆ వేకువచుక్క గౌరవం కొంత తిరిగి వచ్చిందనుకుంటాను. మన అరచేతులలో, అరికాళ్ళలో చర్మపు పొరల మధ్య ఒక పలుచని పారదర్శకమైన పొర ఉంటుంది. దాని పేరు స్ట్రేటమ్ లూసిడమ్. మొదటి సంవత్సరం విద్యార్థులం సూక్ష్మదర్శినిలో ఆ పొరను వెదకి వెదకి అలసిపోయేవాళ్ళం.

గ్రీకు శాఖలో ఇదే మూలం ‘ల్యూకోస్’ అయింది, తెలుపు అని అర్థం. తెల్లకణాలు విపరీతంగా పెరిగిన రక్తాన్ని పరిశీలించిన జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1847లో ఆ వ్యాధికి ‘తెల్ల నెత్తురు’ అన్న అర్థంలో ల్యూకీమియా అని పేరు పెట్టాడు. వెలుగు మాట రోగం పేరు కావడం అక్కడ కూడా జరిగింది. సంస్కృతంలో ఈ మూలానికి చెందినది ‘రుచ్’ ధాతువు. మనం నాలుకకు కేటాయించిన ‘రుచి’కి కావ్యాలలో కాంతి అనే అర్థం ఉంది, రోచిస్సు, రుచిరము, విరోచనుడు అన్న మాటలు అక్కడివే. కంటికి ‘లోచనము’ అన్న పేరు కూడా ఈ వంశానిదే అని భాషావేత్తలు చెబుతారు.

తెలుగుకు ఆ కుటుంబంతో రక్తసంబంధం లేదు. మనది ద్రావిడ భాష. అయినా మన పూర్వులు అదే దారిన నడిచారు. తెలి అంటే తెలుపు, నిర్మలం. తెల్లవారడం అంటే వెలుగు రావడం. తెలియడం అంటే మనసుకు వెలుగు రావడం. తెలపడం అంటే ఎదుటివారి మనసుకు ఆ వెలుగు అందించడం. తేట, తెలివి, అన్నీ ఒకే చెట్టు కొమ్మలు. (తెలుగు అన్న పేరును కూడా ఈ చెట్టుకే కట్టేవారున్నారు, ఆ వివాదంలోకి నేను దిగను.) ఈ వ్యాసానికి ముఖ్యమైనది తెలివి అన్న మాట. పుస్తకాలలో అది బుద్ధి. పల్లెలో అది స్పృహ. ‘తెలివి తప్పి పడిపోయాడు’, ‘ఇప్పుడే తెలివి వచ్చింది’ అని మనవాళ్ళు అంటారు. లూసిడ్ అన్న మాటకు వైద్యంలో ఉన్న అర్థాన్ని ఇంతకన్న చక్కగా పట్టుకున్న తెలుగు మాట నాకు దొరకలేదు. తెలివి రాగానే ప్రమాదం తప్పిందనుకోవడం కూడా ఆ మాటతోనే మనకు అలవాటయింది.

లూసిడ్ ఇంటర్వల్ అన్న జంటపదం వైద్యుల సృష్టి కాదు. అది న్యాయస్థానాలలో పెరిగింది. మతిస్థిమితం లేనివాడు వ్రాసిన వీలునామా చెల్లుతుందా అన్న ప్రశ్న రోమనుల నాటిది. క్రీ.శ. 533లో వెలువడిన జస్టీనియన్ చక్రవర్తి ధర్మశాస్త్ర గ్రంథం దానికి సమాధానం చెప్పింది: ఉన్మాదం విరామమిచ్చిన సమయంలో వ్రాసినదైతే చెల్లుతుంది. 13వ శతాబ్దిలో ఇంగ్లండు ధర్మవేత్త బ్రాక్టన్ ఆ విరామాన్ని వెలుగుతో పోల్చి లాటిన్‌లో వ్రాశాడు. అక్కడినుంచి అది కోర్టు దస్తావేజులలో వాడుకమాట అయింది. ఫలానా వ్యక్తికి మతి స్వాధీనంలో లేదు గాని మధ్యమధ్య వెలుగు వేళలున్నాయి అని గుమాస్తాలు వ్రాసుకునేవారు. 1628లో ఎడ్వర్డ్ కోక్ తన సుప్రసిద్ధ గ్రంథంలో మతి లేనివారిని నాలుగు తరగతులుగా విభజించి, అప్పుడప్పుడు ఈ వెలుగు వేళలను అనుభవించేవారికి ఒక తరగతి కేటాయించాడు. ఆ తరగతి పేరు లూనటిక్. చంద్రుని కళలను బట్టి పిచ్చి హెచ్చుతగ్గులవుతుందన్న నమ్మకం దాని వెనుక ఉన్నది. తమాషా ఏమంటే చంద్రునికి లాటిన్ పేరైన ‘లూనా’ కూడా ఆ ప్రకాశించే ధాతువు బిడ్డే. పిచ్చికీ, పిచ్చి తొలగిన వేళకూ ఒకే దీపం నుంచి పేర్లు వెలిగించుకున్నారు.

ఇక ‘ఇంటర్వల్’. మనకు అది సినిమా హాలు మాట. లాటిన్‌లో ‘వల్లుమ్’ అంటే కోటగోడ, మట్టికట్ట. రెండు గోడల నడుమ ఉన్న జాగా ‘ఇంటర్వల్లుమ్’. వెలుగు ఉన్నది గాని దానికి ఇరువైపులా గోడలున్నాయని ఆ జంటపదం మొదటి నుంచీ చెబుతూనే ఉన్నది. రెండవ గోడను మనమే చూడము.

ఆ వెలుగు వేళను కోర్టులు ఎలా కొలిచేవో 1793లో ఇంగ్లండులో తీర్పు వచ్చిన కార్ట్‌రైట్ వ్యాజ్యం చూపుతుంది. మతి చలించిన ఒక ధనికురాలికి కాగితం, కలం ఇవ్వవద్దని వైద్యుడు చెప్పి ఉన్నాడు. ఆమె పట్టుబట్టడంతో కట్టిన చేతులు విప్పి ఇచ్చారు. ఆమె వ్రాసి, చించి, నిప్పులో పడవేసి, గదిలో అటూ ఇటూ తిరిగి, చివరకు స్వహస్తాలతో ఒక వీలునామా పూర్తి చేసింది. ఆమె చేష్టలన్నీ ఉన్మాదపు చేష్టలే. కాని వ్రాసినది చదివితే ఎక్కడా పొరపాటు లేదు. పంపకం న్యాయంగా ఉన్నది. ఎవరూ చెప్పి వ్రాయించనూ లేదు. వివేకమైన పనిని వివేకంగా చేయడమే వెలుగు వేళకు సాక్ష్యమని తీర్పు చెప్పి న్యాయమూర్తి ఆ వీలునామాను నిలబెట్టాడు. మా వృత్తివారు ఆ తీర్పును నేటికీ ఒప్పుకోలేరు. మంచి వాక్యం వ్రాయగలగడం వేరు, మనసు బాగుండడం వేరు.

ఆ ఆలోచన మన చట్టాలలోనూ ఉన్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను, మానసిక చికిత్సాలయంలో ఉన్న రోగి కూడా మధ్యమధ్య మతి స్వస్థంగా ఉన్నప్పుడు ఒప్పందం చేసుకోవచ్చునని ఉదాహరణతో సహా చెబుతుంది. 1925 నాటి వారసత్వ చట్టం 59వ సెక్షను వీలునామాకు అదే సూత్రాన్ని వర్తింపజేసింది. ఈ సంగతి చివర మళ్ళీ అవసరమవుతుంది.

శస్త్రవైద్యులు న్యాయవాదుల మాటను అరువు తెచ్చుకున్నారు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఝాన్ లూయీ పెతీ (1674–1750) తలదెబ్బల విషయంలో ఒక సూక్ష్మమైన తేడా గమనించాడు. దెబ్బ తగిలిన వెంటనే స్పృహ పోతే అది మెదడు అదిరినందువల్ల. కొంతసేపు బాగుండి తరువాత పోతే అది లోపల నెత్తురు చేరి మెదడును నొక్కుతున్నందువల్ల. కత్తి పట్టవలసినది రెండవవారికి. ఎక్స్‌రే కూడా లేని కాలంలో కేవలం ఆ నడిమి వేళను బట్టి లోపలి సంగతి ఊహించడం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి. 1886లో లండన్ గైస్ ఆసుపత్రి నివేదికలలో జేకబ్‌సన్ అనే శస్త్రవైద్యుడు ఇటువంటి రక్తస్రావాలను విస్తారంగా వివరించాడు.

లోపల జరిగేది ఇది. చెవికి కొంచెం ముందు, కణత దగ్గర పుర్రె ఎముక పలుచగా ఉంటుంది. దాని లోపలి వైపున ఒక ధమని గాడి చేసుకుని పాకుతుంది. ఎముక చిట్లినప్పుడు ఆ ధమని తెగవచ్చు. తెగితే నెత్తురు ఎముకకూ, మెదడును కప్పిన గట్టి పొరకూ నడుమ చేరుతూ ఆ పొరను ఒలుచుకుంటూ పోతుంది. పెద్దవారి పుర్రె సాగదు. అందులో మెదడు, నెత్తురు, మెదడు నీరు అనే మూడు మాత్రమే ఉన్నాయి, ఒకటి పెరిగితే మిగిలినవి తగ్గక తప్పదు; ఈ సూత్రానికి అలెగ్జాండర్ మన్రో 1783లోనే పునాది వేశాడు. గడ్డ పెరుగుతుంటే మెదడు నీరు వెన్ను వైపుకు జారుకుంటుంది. సిరలలోని నెత్తురు బయటికి పోతుంది. కొంత జాగా దొరుకుతుంది. దెబ్బకు అదిరిన మెదడు ఈలోగా తేరుకుంటుంది కనుక మనిషికి తెలివి వస్తుంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆ జాగా ఖర్చవుతూ ఉంటుంది. అది అయిపోయిన తరువాత కొద్దిపాటి నెత్తురు చేరినా పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. గంటల తరబడి నెమ్మదిగా సాగినది నిమిషాలలో ముగుస్తుంది.

ఇటువంటి గడ్డ ఏర్పడినవారందరిలోనూ ఈ వేళ కనిపించదు. సగంమంది కన్న తక్కువలోనే కనిపిస్తుంది. కొందరికి మొదట స్పృహ తప్పనే తప్పదు. కొందరికి తప్పిన స్పృహ రానే రాదు. అందువల్ల ‘పడినప్పుడు తెలివి తప్పలేదు కదా’ అన్న ధైర్యం కూడా చాలదు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులలో ఒక రాత్రి సుమారు ఇరవై ఏళ్ళ కుర్రవానిని అన్నగారు తీసుకువచ్చాడు. సైకిలు మీద వస్తూ ఎడ్లబండి కాడి తగిలి రోడ్డు పక్క రాయి మీద పడ్డాడు. పది నిమిషాలు తెలివి లేదట. నా ముందుకు వచ్చేసరికి చక్కగా మాట్లాడుతున్నాడు. సైకిలు చక్రం వంగిపోయిందని, అది అరువు సైకిలని బాధపడుతున్నాడు. చెవి పైన చిన్న గాయం. నేనే కుట్లు వేశాను. తల బరువుగా ఉందన్నాడు. దెబ్బ తగిలింది కనుక ఉంటుందన్నాను. వార్డులో మంచాలు లేవు. “తెలివొచ్చింది గదండీ, ఇంటికి తీసుకుపోతాం, పొద్దున్నే తెస్తాం” అన్నాడు అన్న. నేను సరేనన్నాను. చీటీ మీద స్పృహలో ఉన్నాడని వ్రాసి సంతకం పెట్టాను. లూసిడ్ ఇంటర్వల్ మీద ఆరు మార్కుల ప్రశ్నకు అంతకు రెండేళ్ళ కిందటే జవాబు వ్రాసినవాణ్ణి.

తెల్లవారుజామున నాలుగింటికి బండి మీద తెచ్చారు. గురక పెడుతున్నాడు. కుడి కంటిపాప పెద్దదై వెలుతురు వేసినా కదలలేదు. నాడి నెమ్మదిగా, బరువుగా కొడుతున్నది. శస్త్రవైద్యునికి కబురు పంపాము. ఆయన వచ్చి చేతులు కడుగుకునే లోపలే ప్రాణం పోయింది. తండ్రి ఊరి నుంచి అప్పుడే వచ్చాడు. ఆయన నన్ను ఏమీ అనలేదు. “రాత్రి అన్నం గూడా తిన్నాడయ్యా. నిద్రపట్టింది గదా, లేపడం ఎందుకని ఊరుకున్నాం” అన్నాడు. నిద్రపోయినవానిని లేపి చూడమని నేను వారికి చెప్పలేదు.

ఆ తరువాత కాలం మారింది. 1971 అక్టోబరులో లండన్ దగ్గర ఒక ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ యంత్రం తొలి రోగి మెదడును పొరలు పొరలుగా చూపింది. నేడు చాలా పట్టణాలలో సీటీ స్కాన్ ఉన్నది. గడ్డ కటకం ఆకారంలో, రెండు వైపులా ఉబ్బి, తెల్లగా కనిపిస్తుంది. వేళకు తీసివేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు, ఎందుకంటే కింద మెదడు చాలాసార్లు చెడలేదు, నలుగుతున్నది అంతే. అయితే యంత్రం దగ్గరకు రోగి చేరాలి. 2009 మార్చి 16న కెనడాలో మంచు మీద జారడం నేర్చుకుంటూ బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ పడిపోయింది. లేచి నవ్వింది. వచ్చిన అంబులెన్సును వెనక్కి పంపించారు. సుమారు గంట తరువాత తలనొప్పి మొదలయింది. రెండు రోజులకు, 18న, న్యూయార్కులో ఆమె మరణించింది. వయసు 45. మా అరువు సైకిలు కుర్రవానికి లేనివన్నీ ఆమెకు ఉన్నాయి. అదే నెత్తురు గడ్డ ఆమెనూ తీసుకుపోయింది.

కనుక మీ ఇంట తలకు గట్టి దెబ్బ తగిలినవారుంటే, ముఖ్యంగా కొద్ది క్షణాలైనా తెలివి తప్పి ఉంటే, వారు బాగున్నామన్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అక్కడ చూసి ఇంటికి పంపినా మొదటి 24 గంటలు ఒంటరిగా వదలవద్దు. నిద్రపోనివ్వండి, కాని మధ్యమధ్య లేపి పేరు, ఊరు అడగండి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతున్నా, మత్తుగా ఉండి లేపితే లేవకపోయినా, ఒక కంటిపాప పెద్దదైనా, చేయో కాలో పట్టు తప్పినా, మూర్ఛ వచ్చినా, ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని నీరు కారుతున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. తాగి పడినవానిని ‘తాగి ఉన్నాడు, పడుకోనీ’ అని వదిలేయడం మనవారు చేసే పెద్ద పొరపాటు. నెత్తురు పలుచబడే మందులు వాడే పెద్దవారికి చిన్న దెబ్బను కూడా లెక్కలోకి తీసుకోవాలి. వారిలో వేరొక రకం రక్తస్రావం వారాల తరువాత బయటపడవచ్చు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఎన్ని గంటలకు పడ్డారు, ఎంతసేపు తెలివి లేదు, ఎప్పుడు వచ్చింది, అన్నవి చెప్పండి. వైద్యునికి ఆ నడిమి వేళ మీ నోటి నుంచి తప్ప మరెక్కడా దొరకదు.

ఈ మాట మరికొన్ని చోట్లకు కూడా వెళ్ళింది. తాను కలగంటున్నానని కలలోనే తెలిసి ఉండడాన్ని డచ్చి వైద్యుడు ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్ 1913లో లూసిడ్ డ్రీమ్ అన్నాడు. అక్కడ కూడా అది వెలుగు కన్న ఎరుకకే పేరు. దానిలో అపాయమేమీ లేదు కనుక ముందుకు వెళ్తాను.

పెద్ద వయసువారికి జ్వరంలోనో, శస్త్రచికిత్స తరువాతనో వచ్చే సంధి కూడా వెలుగునీడలతో ఆడుతుంది. ఉదయం వైద్యుడు వచ్చినప్పుడు నాన్నగారు చక్కగా జవాబులు చెబుతారు. సాయంత్రం మంచం దిగి, ఎప్పుడో అమ్మేసిన ఎడ్లకు మేత వేయాలంటారు. ఉదయపు తెలివిని చూసి వైద్యుడు తగ్గిందనుకోవచ్చు. రాత్రి మంచం దగ్గర ఉన్నది మీరు; మీరు చెప్పాలి.

చివరిది అన్నిటికన్న కష్టమైనది. నెలల తరబడి బిడ్డలను గుర్తుపట్టని మనిషి మరణానికి కొన్ని గంటల ముందో, ఒకటి రెండు రోజుల ముందో పేరు పెట్టి పిలిచి, నాలుగు మాటలు మాట్లాడడం వైద్యులు చాలాకాలంగా చూస్తున్నదే. అమెరికన్ వైద్యుడు బెంజమిన్ రష్ 1812లో మానసిక వ్యాధుల మీద వ్రాసిన గ్రంథంలో దీనిని ప్రస్తావించాడు. 2009లో మైకేల్ నామ్ దీనికి టెర్మినల్ లూసిడిటీ అని పేరు పెట్టాడు. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అని మన పెద్దలు ఎప్పుడో అన్నది దీనినే. కారణం ఇంకా తేలలేదు. అందరికీ ఇలా జరగదు; జరిగిన ప్రతిసారీ మరణమే అనుకోనక్కరలేదు కూడా.

నా దగ్గరకు వచ్చిన కుటుంబాలు ఆ గంటలో రెండు పనులు చేయబోయేవి. ఒకటి, కోలుకున్నాడని ఆనందించి దూరపు బిడ్డలకు ‘కంగారు లేదు, నిదానంగా రండి’ అని ఫోను చేయడం. రెండవది, స్టాంపు కాగితం తెచ్చి వేలిముద్ర వేయించడం. చట్టం వెలుగు వేళలో చేసిన వీలునామాను ఒప్పుకుంటుందని పైన చెప్పాను. కాని ఆ వేళ మనసు నిజంగా స్వాధీనంలో ఉన్నదని తరువాత నిరూపించవలసినది మీరే. చిత్తభ్రంశంలో హెచ్చుతగ్గులయ్యేది ఎక్కువగా ధ్యాస. ఆస్తిపాస్తులను తూచగల విచక్షణ ఆ కొద్దిసేపట్లో తిరిగి వస్తుందని ఏ వైద్యుడూ సులభంగా సాక్ష్యం చెప్పలేడు. పత్రాల పని జబ్బు మొదటి రోజులలోనే, వైద్యుని ఎదుట ముగించుకోండి. ఆ గంటకు పనివేరే ఉన్నది. దూరాన ఉన్నవారికి వెంటనే బయలుదేరమని చెప్పండి. వారు వచ్చేలోపు ఫోనులో గొంతు వినిపించండి. వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నవారిని లోపలికి పిలవండి.